పిల్లల డర్ట్ బైక్ ట్రాక్: మన నేల మీద చెల్లని నమ్మకాలు

అనంతపురం చుట్టుపక్కల తోటల్లో, ఇంటి వెనక ఖాళీ జాగాల్లో పిల్లలు డర్ట్ బైకులు (మట్టి నేల మీద తోలే చిన్న మోటారు బండ్లు) తోలడానికి మట్టి ట్రాకులు వేయడం నా పని. పని మొదలుపెట్టకముందే తల్లిదండ్రులు చెప్పే మాటలు కొన్నుంటాయి. వాటిని నమ్మి జేసీబీని పిలిస్తే దెబ్బలు తగిలేది పిల్లలకే.

అపోహ: జంప్ ఎత్తుగా ఉంటేనే అది ట్రాక్.

వాస్తవం: ఎక్కువగా దెబ్బలు తగిలేది బండి కిందికి దిగేటప్పుడు. రెండు గుట్టలు పోసి మధ్యలో గుంత వదిలారనుకోండి, వేగం కాస్త తగ్గినా ముందు చక్రం పోయి రెండో గుట్టకు గుద్దుకుంటుంది. అందుకే ఆ గుంత పూడ్చి పైన చదును చేయిస్తాను. దీన్నే టేబుల్‌టాప్ అంటారు. దూరం చాలకపోయినా బండి ఆ చదును మీదే దిగుతుంది. ఎక్కే వాలుకన్నా దిగే వాలు వెడల్పుగా, పొడుగ్గా ఉండాలి. కొత్తగా నేర్చుకునే ఆరేడేళ్ల పిల్లలకైతే జంపే వద్దు. మోకాలెత్తు కూడా లేని మిట్టలు వరుసగా పోస్తే చాలు. వాటి మీద లేచి నిలబడి, మోకాళ్లు వదులుగా ఉంచి తోలడం వచ్చాక మిగతావి చూడొచ్చు. 50 సీసీ పిల్లల బండ్లలో చాలావాటికి యాక్సిలరేటర్‌కు హద్దు పెట్టే స్క్రూ ఉంటుంది. దాన్ని బిగించి ఇవ్వండి.

అపోహ: ఏ మట్టయినా ఒకటే.

వాస్తవం: కళ్యాణదుర్గం, ధర్మవరం వైపు ఎర్రనేల దిమ్మిస కొడితే గట్టిపడుతుంది. ఆదోని, జమ్మలమడుగు వైపు నల్లరేగడి అలా కాదు. తడిస్తే ఉబ్బి చక్రాలకు అంటుకుంటుంది, ఎండితే చిన్న చక్రం ఇరుక్కునేంత నెర్రెలిస్తుంది. అక్కడ పైన ఎర్రమట్టి తోలించక తప్పదు. ఏ మట్టయినా ఒకేసారి కుప్ప పోయకండి. అర అడుగు మందాన పరచి, తడిపి, రోలర్ తిప్పి, ఆపైన ఇంకో పొర వేయాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, కింద పడేస్తే పగలాలి, తడి అంతే ఉండాలి. ఎర్రనేలలో పలుగురాళ్లు ఎక్కువ. ప్రతి వాన తర్వాత కొత్తవి పైకి తేలుతాయి కాబట్టి ఏరుతూనే ఉండాలి.

అపోహ: వానలే లేని జిల్లా, నీళ్లతో ఏం పని?

వాస్తవం: ఏడాదికి 550 మిల్లీమీటర్ల చొప్పున పడే మన వానలో చాలా భాగం కొద్ది రోజుల్లోనే కుమ్మరిస్తుంది. మలుపుల్లో కట్టల కింద నీరు పోయే దారి లేకపోతే ట్రాక్ కోసుకుపోతుంది. మిగతా రోజుల్లో టెన్షన్ అంతా దుమ్ముతోనే. ఆషాఢం గాలికి వెనకవాడికి ముందు బండి కనిపించదు. ముందురోజు సాయంత్రమే తడపండి. తోలే ముందు చల్లితే పైపైన జారుతుంది, లోపల పొడిగానే ఉంటుంది.

అపోహ: చుట్టూ కంచె ఉంది, భయం లేదు.

వాస్తవం: రాతి కూసాలు, ముళ్లతీగ ఉన్న కంచే అన్నిటికన్నా ప్రమాదం. ట్రాక్ అంచుకూ కంచెకూ మధ్య కనీసం పదిహేను అడుగులు వదలమంటాను.

అపోహ: నాన్న హెల్మెట్ ఉందిగా.

వాస్తవం: వదులు హెల్మెట్ పడేటప్పుడు తిరిగిపోతుంది. పిల్లల కొలతకు సరిపోయే, గడ్డం కూడా కప్పేది కొనాల్సిందే.

అపోహ: తోటదాకా వాడే తోలుకొస్తాడు.

వాస్తవం: మైనర్ రోడ్డు మీద బండి నడిపితే, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడొచ్చు. బండిని ట్రాక్టర్ ట్రాలీలోనో ఆటోలోనో తీసుకురండి.