బైకును ట్రక్కులో వేసి పంపుతున్నారా? మన దగ్గర తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

కోనసీమ నుంచి హైదరాబాద్‌కో వైజాగ్‌కో బైకులు ఎక్కించే పనిలో ఉన్నవాడిగా చెప్తున్నానండి. బైకు దెబ్బతినేది రోడ్డు వల్ల కాదు, దారిలో తాడు వదులైపోవడం వల్ల.

అపోహ: సైడ్ స్టాండు వేసి గట్టిగా కట్టేస్తే కదలదు.

ఎక్కువ నష్టం ఇక్కడే. కాలవగట్టు రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా బైకు బరువూ, తాడు లాగే బలమూ కలిసి స్టాండు మీద పడతాయి. అది కాస్త వంగినా తాడు వదులు, ఇక బైకు పడిపోవడమే. సెంటర్ స్టాండైతే గట్టి బ్రేకు పడగానే ముందుకి దిగిపోతుంది. స్టాండు తీసేసి, రెండు చక్రాల మీదే నిలబెట్టి, ముందు చక్రం క్యాబిన్ వైపు గోడకి ఆనించి, హ్యాండిల్ తిన్నగా ఉంచి కట్టాలి.

అపోహ: కింద వరిగడ్డి పరిస్తే కుదుపు తగలదు.

గడ్డి మనకి ఊరికే దొరుకుతుంది కాబట్టి అందరూ వేసేస్తారు, కానీ బండి నాలుగు కిలోమీటర్లు వెళ్లేసరికి అది అణిగిపోతుంది, ఎంత అణిగితే తాడు అంత వదులు. పైగా అప్పుడే ఆపిన బైకు సైలెన్సర్ కాలిపోతూ ఉంటుంది, పక్కనే ఎండుగడ్డి! గోనె సంచులుంటే తాడు పెయింటుకి రాసుకునే చోట పెట్టండి, చక్రాల కింద వద్దు.

అపోహ: ఎన్ని తాళ్లు చుడితే అంత భద్రం.

నాలుగు చాలు, ముందు రెండు, వెనక రెండు. ఒక్కొక్కటీ బైకు నుంచి కిందికీ, పక్కకీ ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల్లో లాగాలి. ముందు వైపు అద్దం కడ్డీలకీ, హ్యాండిల్ చివర్లకీ కట్టకండి, హెడ్‌లైటు కింద రెండు ఫోర్కు గొట్టాలనీ (ముందు చక్రానికి అటూ ఇటూ ఉండేవి) పట్టి ఉంచే దిమ్మకి వేయండి. వెనక వైపు ఫ్రేముకి. రెండు వైపులా సమానంగా బిగిస్తూ ముందు షాకబ్జార్లు సగం దాకా దిగేలా చేస్తే, లోపలి స్ప్రింగు పైకి తోస్తూ తాడుని బిగుతుగా ఉంచుతుంది. పూర్తిగా అణిచేస్తే మాత్రం స్ప్రింగుకి ఆడే చోటుండదు, దెబ్బలన్నీ నేరుగా ఫ్రేముకే.

కొబ్బరి పీచు తాడైనా నైలాన్ తాడైనా లాగేకొద్దీ సాగుతుంది. రాట్చెట్ బెల్టులు (పిడి ఆడిస్తూ బిగించే, వెనక్కి జారని పట్టీలు) కొనుక్కోండి, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 లాంటి 195 కిలోల బైకుకి అవి తప్పనిసరి.

గేరులో పెడితే చాలంటారు. పెట్టండి, మంచిదే, కానీ అది ఆపేది వెనక చక్రాన్ని మాత్రమే, పక్కకి ఒరగడాన్ని కాదు.

ట్యాంకు నింపి పంపొద్దు, దిగాక బంకు దాకా వెళ్లే పెట్రోలుంటే సరిపోతుంది. పాత కార్బురేటర్ బైకుకి పెట్రోలు కాక్ (ట్యాంకు కింద పెట్రోలు ఆపే మీట) కట్టేయండి. చోటు చాలలేదని బైకును పడుకోబెడితే పెట్రోలూ, ఆయిలూ కారతాయి.

బయల్దేరిన పది కిలోమీటర్లకి ఒకసారి ఆపించి బెల్టులు చేత్తో లాగి చూడండి. సఖినేటిపల్లి దగ్గర గోదావరిని పంటు (బండ్లని ఎక్కించుకునే పెద్ద పడవ) మీద దాటించేటట్టయితే ఎక్కేముందొకసారి, దిగాకొకసారి. డ్రైవరు విసుక్కుంటాడని మొహమాటపడకండి.