బిళ్ళ మీద పేరెందుకు లేదు?

చిరంజీవులైన మనవరాలికి, మనవడికి,

తాతయ్య ఆశీస్సులు. మీ అమ్మ దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన ఉన్న ఇత్తడి బిళ్ళను చూసి, "ఇది ముత్తాతదే అయితే పేరు లేకుండా నంబరు మాత్రమే ఎందుకుంది?" అని అడిగారు. ఫోనులో చెబితే రెండు మాటలతో తేలిపోతుందని ఉత్తరం రాస్తున్నాను.

మన ఇల్లందును పాతవాళ్లు బొగ్గుట్ట అనేవారు. భద్రాచలం రాముణ్ణి చూడబోతున్న యాత్రికులు ఇక్కడ రాళ్లతో పొయ్యి పెట్టుకుంటే, ఆ రాళ్లే అంటుకున్నాయని పెద్దలు చెబుతారు. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇక్కడ బొగ్గు ఉన్నదని తేల్చాడు. ఆ ప్రధానమైన పొరను ఇప్పటికీ కింగ్ సీమ్ అనే పిలుస్తారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి హక్కులు దక్కాయి, 1889లో తవ్వకం మొదలైంది, డోర్నకల్ వైపు నుంచి అడవిలోకి రైలు పట్టాలు వచ్చాయి. 1920లో కంపెనీ పేరు మార్చినప్పుడు పక్కనున్న సింగరేణి పల్లె పేరును దానికి పెట్టారు.

రాయిలో నిప్పు ఎలా దాగిందంటారా? మీ నాయనమ్మ పెట్టే ఆవకాయ జాడీని తలచుకోండి. ముక్కల మీద నూనె తేలితేనే గాలి తగలదు, తగిలితే బూజు పడుతుంది. పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన కాలంలో, ఇక్కడి చిత్తడి నేలలో చెట్లు కూలి నీటిలో మునిగితే, ఆ నీరే నూనెలా గాలిని అడ్డుకున్నది. వాటిమీద ఇసుక, మట్టి పొరలు పొరలుగా పడి, జాడీ మూతమీద రాయి పెట్టినట్లు అదిమాయి. ఆ బరువుకూ లోపలి వేడికీ తడి పోయి చెట్లు బొగ్గయ్యాయి. తరువాత నేల కదిలి జాడీ ఒరిగింది. యాత్రికుల పొయ్యికి దొరికింది దాని అంచు. గరిటె లోతుకు పోయిన కొద్దీ కప్పు కూలకుండా మధ్యమధ్య బొగ్గునే స్తంభాలుగా వదిలిపెట్టి తవ్వేవారు. అయితే ఇంట్లో జాడీ అడుగంటితే మళ్లీ వేసవికి కొత్తది పెట్టుకుంటాం; ఈ జాడీకి ఆ వేసవి రాదు. గదిలో దీపం ఆర్పకుండా మీరు బయటికి పోతే నేను కేకలు వేసేది అందుకే.

ఆ జాడీ చుట్టూనే మన ఊరు పెరిగింది. ఇక్కడ పని తగ్గినప్పుడల్లా కుటుంబాలు సామాన్లు కట్టుకుని కొత్తగూడెమో, బెల్లంపల్లో పోయేవి. అందుకే మన చుట్టాలు బొగ్గున్న ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఇక బిళ్ళ సంగతి. మా నాయన బొగ్గు బాయిలోకి, అంటే గనిలోకి, దిగేముందు దీపాల గదిలో ఈ బిళ్ళను ఇచ్చి, అదే నంబరున్న దీపాన్ని తీసుకునేవాడు. దీపం ఉండాల్సిన మేకుకు బిళ్ళ వేలాడేది. పైకి వచ్చి దీపం ఇస్తే బిళ్ళ చేతికి వచ్చేది. అంటే షిఫ్టు ముగిశాక కూడా మేకుకు బిళ్ళ వేలాడుతూ ఉంటే, ఆ మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడన్నమాట. ఆ నంబరు అతని దీపానిది. పైన ఉన్నవాళ్లు మనుషులను లెక్కపెట్టుకోవడానికి పెట్టినది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక వానాకాలం సాయంత్రం, సైరన్ కూసి అందరూ పైకి వచ్చినా దీపాల గది కిటికీలోంచి చూస్తే నాయన బిళ్ళ అక్కడే ఉంది. అమ్మ నా చేయి పట్టుకుని, తడుస్తూనే, ఒక్క మాటైనా మాట్లాడకుండా నిలబడింది. చీకటి పడ్డాక నాయన వచ్చాడు; బొగ్గు మోసే టబ్బు పట్టాలు తప్పితే దాన్ని సరిచేసేదాకా ఆగాడట. కన్నురెప్పల అంచుల్లో కాటుకలా బొగ్గు పేరుకుని ఉంది. బిళ్ళను తీసుకుని నా అరచేతిలో పెట్టాడు. అది చల్లగా ఉండడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

రేపు పొద్దున వెలుతురులో దానిని చేతిలోకి తీసుకోండి. నంబరు కాదు, పైనున్న రంధ్రం చూడండి. ఒక వైపు అంచు పలచబడి ఉంటుంది. మేకు తగిలి తగిలి అరిగిన చోటు అది. అక్కడ వేలు పెట్టి చూడండి.

మీ
తాతయ్య