తొట్టిలో సుడి ఎటు తిరుగుతుంది?

మా పెరట్లో గుండ్రటి సిమెంటు తొట్టి ఒకటుంది. అడుగున కన్నానికి గుడ్డ కుక్కి నీళ్ళు పట్టుకుంటాం. మొన్న కడుగుదామని ఆ గుడ్డ లాగుతుంటే మా అక్క కొడుకు వచ్చి, "మావయ్యా, భూమి తిరగడం వల్ల మన దేశంలో నీళ్ళ సుడి ఎప్పుడూ ఎడమకే తిరుగుతుందంట, ఆస్ట్రేలియాలో కుడికంట, నిజమేనా?" అన్నాడు. నోటితో చెప్పేకన్నా చూపించడం మేలనిపించింది.

పైపును తొట్టి ఎడమ అంచున ఏటవాలుగా పెట్టి నింపాం. నీళ్ళు నిలిచాయనిపించాక గుడ్డ లాగి ఒక వేపాకు వేస్తే, అది గడియారం ముల్లులా కుడివైపుకి తిరుగుతూ కన్నంలోకి పోయింది. రెండోసారి పైపును కుడి అంచుకి మార్చి నింపితే ఆకు ఎదురు దిశలో తిరిగింది. రెండుసార్లకీ మధ్య మారింది పైపు ఒక్కటే.

పైకి నీళ్ళు కదలనట్టే ఉంటాయి గానీ, పట్టేటప్పుడు వచ్చిన తిరుగుడు లోపల చాలాసేపు మిగిలే ఉంటుంది. కన్నం దగ్గరికి వచ్చేకొద్దీ అదే జోరందుకుంటుంది, ఒప్పులకుప్ప ఆడే పిల్లలు చేతులు ముడిచి దగ్గరికి జరిగితే గిర్రున తిరిగినట్టు.

మరి భూమి ప్రభావం అబద్ధమా అంటే, కాదు. తిరిగే వాటి మీద కదిలేవి పక్కకి ఎందుకు జరుగుతాయో 1835లో ఫ్రాన్సు శాస్త్రవేత్త కొరియోలిస్ లెక్క కట్టి చూపించాడు. ఉత్తర ధ్రువం దగ్గర తొట్టి పెడితే భూమి దాన్ని రోజుకో చుట్టు తిప్పుతుంది, భూమధ్యరేఖ మీద అసలు తిప్పదు. మన అమలాపురం ఆ రేఖకి పదహారున్నర డిగ్రీల పైన ఉంది కాబట్టి ఇక్కడ ఒక చుట్టుకి సుమారు 84 గంటలు, అంటే మూడున్నర రోజులు పడుతుంది. పైపు ధార వల్ల నీళ్ళు నిమిషానికో చుట్టు తిరిగాయనుకోండి, అది భూమి ఇచ్చేదానికి 5 వేల రెట్లు. ఇక తొట్టిలో గెలుపెవరిదో వేరే చెప్పాలా?

అయితే ఓపిక ఉంటే భూమి వంతు కూడా కంటికి కనిపిస్తుంది. ఇందులో నాకు బాగా నచ్చే సంగతి అదే. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఆషర్ షపీరో అనే ప్రొఫెసరు 6 అడుగుల వెడల్పు తొట్టిలో 6 అంగుళాల లోతు నీళ్ళు పోసి, గాలి తగలకుండా మూసి, 24 గంటలు కదపకుండా ఉంచాడు. తర్వాత నడిమధ్యనున్న సన్నటి కన్నం తెరిస్తే నీళ్ళన్నీ పోవడానికి 20 నిమిషాలు పట్టింది. పైన తేలుతున్న చిన్న చెక్కపుల్లలు మొదటి పన్నెండు నిమిషాలూ కదలనే లేదు. ఆ తర్వాత మెల్లగా ఎడమవైపుకి తిరగడం మొదలుపెట్టాయి. ఇది 1962 నాటి మాట. 1965లో సిడ్నీలో అలాగే చేసి చూస్తే కుడివైపుకి తిరిగాయి. అక్కా వాళ్ళబ్బాయి విన్నది నిజమే, కాకపోతే అంత జాగ్రత్త తీసుకున్న తొట్టిలోనే నిజం.

గోదారి సుడిగుండాలు కూడా తొట్టి లాంటివే. వరదప్పుడు రాజమండ్రి వంతెన మీంచి కిందికి చూడండి, స్తంభం దాటగానే ఒక పక్క సుడి ఇటు తిరిగితే రెండో పక్కది అటు తిరుగుతుంది. నీటి జోరు, దానికి అడ్డొచ్చిన స్తంభం, అంతే.

భూమి తన బలం చూపించేది తుపానులో. అక్కడ గాలి వందల కిలోమీటర్ల దూరం నుంచి, రోజుల తరబడి ఒకే నడిమికి వచ్చి చేరుతుంది కాబట్టి ఆ చిన్న మళ్ళింపే పెరిగి పెరిగి పెద్దదవుతుంది. అందుకే బంగాళాఖాతంలో పుట్టిన ప్రతి తుపానూ ఎడమకే తిరుగుతుంది, భూమధ్యరేఖకి మరీ దగ్గర్లో తుపాన్లు దాదాపు పుట్టవు. 1996 నవంబరు 6న కాకినాడకి దక్షిణంగా తీరం దాటి, కోనసీమ కొబ్బరి తోటల్ని తోటలుగా పడగొట్టిన తుపానూ అలా తిరిగిందే. ఎడమకి తిరుగుతుంది కాబట్టే పడమరకి వచ్చే తుపానుకి ఉత్తరాన ఉన్న తీరం మీదికి గాలి సముద్రాన్ని తోస్తుంది, ఉప్పెన భయం అటే ఎక్కువ. దక్షిణాన ఉన్నవాళ్ళకి గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే తుపాను నడిమి మీ ఎడమచేతి వైపు ఉంటుంది.