కావెండిష్ వారి ఇల్లు, మన అరటి గెల

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ స్వాతి అక్క చదువుకుంటున్న షెఫీల్డ్‌కి వచ్చి పది రోజులైంది. నిన్న శనివారం, యూనివర్సిటీ వాళ్లు పిల్లల కోసం వేసిన బస్సులో నన్నూ ఎక్కించింది. పొద్దున హార్డ్‌విక్ హాల్, మధ్యాహ్నం చాట్స్‌వర్త్. రెండూ డెర్బీషైర్‌లోని పాత ప్రభువుల భవనాలే.

హార్డ్‌విక్ గురించి ఎక్కువ చెప్పలేను. ఆ మెట్లు ఎక్కలేక సగం సేపు కిందే కూర్చున్నాను. బెస్ అనే మహాతల్లి 1590లలో కట్టించింది. గాజు చాలా ఖరీదైన ఆ రోజుల్లో గోడల కంటే కిటికీలే ఎక్కువ పెట్టించింది. అది చాలదన్నట్టు ఇంటి నెత్తిన తన పొడి అక్షరాలు 'ఇ.ఎస్.' (ఎలిజబెత్ ష్రూస్‌బరీ, ఆవిడ అసలు పేరు) రాతిలో చెక్కించుకుంది. మన ఊళ్లో డాబా మీద నీళ్ల ట్యాంకుకి పేరు రాయించుకోరూ, అలాగన్నమాట!

చాట్స్‌వర్త్ ఎస్టేటును కూడా 1549లో కొన్నది ఈ బెస్సూ, ఆవిడ రెండో భర్త విలియం కావెండిష్షూ. ఈ కావెండిష్ అనే పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

బస్సు దిగగానే వంపు తిరిగిన ఏరు, పచ్చిక, గొర్రెలు, గుట్ట మీద చెట్లు. దేవుడు ఇచ్చింది ఇచ్చినట్టే ఉందనుకున్నాను. కాదట. 1760లలో బ్రౌన్ అనే తోటల నిపుణుడు ఈ నేలను ఇలా తీర్చిదిద్దాడు. ఎన్సర్ అనే ఊరు ఇంటి ఎదుట కంటికి అడ్డొస్తోందని ఇక్కడి ప్రభువులు ఆ ఇళ్లు తీయించేశారు. 1830లలో ఆ కావెండిష్ వంశపు ప్రభువు, ఆరో డ్యూక్, కనపడనంత దూరంలో కొత్త ఊరు కట్టించాడు. ఒక్క ఇల్లు మాత్రం పాత చోటే, దారికి ఇవతల ఒంటరిగా మిగిలిపోయింది. దాని ప్రహరీ దగ్గర కాసేపు నిలబడ్డాను. డ్యామ్ కింద మునిగే ఊళ్లను ఖాళీ చేయించడం చూశాను గానీ, చూపు కోసం ఊరిని జరపడం వినడం ఇదే మొదలు.

ఈ ఆరో డ్యూక్ దగ్గర జోసెఫ్ ప్యాక్స్‌టన్ అనే తోటమాలి ఉండేవాడు. 1826లో, ఇరవై రెండేళ్ల వయసులో, తెల్లవారుజామున నాలుగున్నరకి వచ్చాడట. గేటు తీసేవాళ్లు లేకపోతే గోడ దూకి, ఆరింటికల్లా పనివాళ్లకు పని పురమాయించాడట. తర్వాత పెద్ద గాజు ఇల్లు కట్టి, ఆ చలిదేశంలో మన ఎండల్లో పెరిగే చెట్లు పెంచాడు. దాన్ని వేడిగా ఉంచడానికి నేల కింద ఎనిమిది బాయిలర్లు. బొగ్గు బండ్లు కూడా సొరంగంలోనే వెళ్లేవి. పైన షికారు చేసే దొరలకు బొగ్గు మసి కనపడకూడదు కదా! మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు దొరక్క చెట్లు చచ్చిపోయాయి. 1920లో గాజు ఇంటిని పేల్చేశారు. ఇప్పుడక్కడ కంచె మొక్కలతో పెంచిన పద్మవ్యూహం ఉంది. మీ అక్క అందులో దారి తప్పింది. నేను బయట బల్ల మీద కూర్చుని పేరు పెట్టి పిలిచాను.

ఇక అసలు సంగతి. ఏటి గట్టున పులిహోర తిన్నాక అక్క సంచిలోంచి అరటిపండు తీసింది. మీద చిన్న స్టిక్కర్, కొలంబియా అని. ఒలిచి వాసన చూశాను. ముదరకముందే కోసిన కాయ, చప్పగా ఉంది. "తాతయ్యా, ఇది మన తోటలోని జి-9 అరటి లాగే లేదూ?" అంది. ఉంటుంది మరి! రెండూ కావెండిష్ రకాలే. ఆసియాలో పుట్టిన ఆ అరటి మారిషస్ మీదుగా ఇంగ్లండ్ చేరితే, ప్యాక్స్‌టన్ ఒక మొక్క తెచ్చి ఇక్కడ పెంచాడు. 1835 నవంబరులో పూత, మరుసటి మే నాటికి గెలలో వందకు పైగా కాయలు. దానికి యజమాని ఇంటిపేరు పెట్టారు. మన తోటలోని మొక్క ఇక్కడి నుంచే వచ్చిందని చెప్పడం లేదు, ఆ పొరపాటు చేయకండి. పేరు మాత్రం ఈ ఇంటిది. నలభై ఏళ్లుగా అరటి వేస్తున్నాను, తాడిపత్రి నుంచి రైల్లో ముంబయి రేవుకి పంపాం, ఈ ముక్క నాకు తెలియదు.

తోటమాలి ప్యాక్స్‌టన్ సమాధి కూడా ఆ జరిపిన ఊరి చర్చి దగ్గరే ఉంది. వాన మొదలై వెళ్లలేకపోయాం.

నార్పల వైపు గాలి లేచిందని ఫోన్‌లో విన్నాను. గెల బరువుకి వాలిన చెట్లకు ఊతకర్రలు పెట్టించమని మీ నాన్నకు చెప్పండి. ఉత్తరం వైపు గట్టు మీదివి ముందు.

మీ తాతయ్య