బిడారును ఇల్లు చేర్చినవాళ్ల ఊరు

చిరంజీవులకు,

ఉభయకుశలోపరి. ఎడారి నడుమ అంత పెద్ద ఊరు ఎలా బతికిందని మొన్న ఫోన్‌లో అడిగారు. నోటిమాటగా తేలిపోయే సంగతి కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

ఆ ఊరు సిరియాలో, దమస్కుకు ఈశాన్యంగా 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. బయటివాళ్లకు పాల్మైరా, ఊరివాళ్లకు తద్మోర్. గంధకపు వాసన వేసే ఎఫ్కా ఊట, దాని చుట్టూ ఖర్జూరపు తోటలు, ఆపైన అంతా ఎడారే. ఊటను నమ్ముకుని ఒంటెల బిడార్లు ఆగేవి. ఇక్కడి వర్తకులు ఎడారి దాటి యూఫ్రటీసు నది చేరి, పర్షియా సింధుశాఖ మొగన ఉన్న రేవు దాకా వెళ్లేవారు. అక్కడ ఓడ ఎక్కితే మన దేశమే. మన వైపు శాతవాహనులు ఏలుతున్న రోజులవి.

ఎడారిలో బిడారు నడపడమంటే మాటలు కాదు. నీళ్లు ఎక్కడున్నాయో తెలియాలి, సంచార తెగలతో మాట మంచి ఉండాలి, దొంగలు పడితే నిలబడాలి. అందుకే ఆ ఊళ్లో విగ్రహాలు ఎవరికి పెట్టారో చూడండి. స్తంభాల నడిమి ఎత్తున రాతి పీటలు పొడుచుకొచ్చి ఉంటాయి. వాటి మీద నిలబెట్టినవాళ్లలో బిడారును క్షేమంగా ఇల్లు చేర్చినవాళ్లు ఎందరో. క్రీ.శ. 157లో మన దేశపు వాయవ్య తీరం నుంచి ఓడలో తిరిగొచ్చిన వర్తకులు, తమకు అడుగడుగునా సాయపడ్డాడని యర్హాయి అనే పెద్దమనిషిని అలా గౌరవించుకున్నారు. చేసిన మేలును రాతిమీద చెప్పుకున్న ఆ ఊరంటే నాకు అందుకే ప్రేమ.

సుంకాలూ రాతిమీదే. పాత చట్టంలో లేని సరుకులకు వాడుక ప్రకారం వసూలు చేస్తుంటే వర్తకులకూ సుంకరులకూ తరచూ తగాదాలు వచ్చేవట. 137లో ఊరి సభ కూర్చుని సుంకాలన్నీ గ్రీకులోనూ తమ అరమాయికు భాషలోనూ చెక్కించి, గుడి ఎదుట నిలబెట్టింది. పాలరాతి బుడ్లలో వచ్చే సుగంధ తైలానికి ఒంటె మోసే బరువుకు 25 దీనార్లు (రోము వెండి నాణేలు), అదే మేకతోలు తిత్తుల్లో వస్తే 13. ఊటనీళ్లు వాడుకున్నందుకు ఏడాదికి 800. అదే పట్టికలో ఇంకో వరుస ఉంది: ఊళ్లోకి తెచ్చిన బానిసకు 22 దీనార్లు. తైలానికీ మనిషికీ ఒకే పద్దు. ఇది మీకు దాచి చెబితే ఆ ఊరిని సగమే చూపించినట్టు.

ఆ ఊరి రాణి జెనోబియా రోముతో తలపడటం, 272లో ఊరు ఓడటం మీరు ఎలాగూ చదువుతారు. నాకు వాళ్ల సమాధులు ఎక్కువ గుర్తొస్తాయి. సమాధిని 'నిత్యగృహం' అనేవారు. ఒక్కొక్కరి ముఖమూ రాతిలో చెక్కి, పక్కన పేరు, తండ్రి పేరు, చివర 'హబల్' అని రాసేవారు. హబల్ అంటే అయ్యో అని. ఆడవాళ్ల చేతుల్లో చాలాసార్లు కదురు ఉంటుంది. 2015లో ఐసిస్ ఉగ్రవాదులు అక్కడి గోపుర సమాధుల్నీ బేల్ దేవుడి గుడినీ పేల్చేశారు. నలభై ఏళ్లు ఆ శిథిలాలను కాచిన పండితుడు ఖాలెద్ అల్ అసాద్‌ను చంపేశారు. కూతురికి జెనోబియా అని పేరు పెట్టుకున్న మనిషి.

ఒక్క రాయి మాత్రం చాలా దూరాన, ఇంగ్లండు ఈశాన్య తీరంలో దొరికింది. బరాతె అనే తద్మోర్ మనిషి అంత దూరం వెళ్లి, రెజీనా అనే ఆ దేశపు బానిసను విడిపించి పెళ్లాడాడు. ముప్ఫై ఏళ్లకే ఆమె పోయింది. బుట్టకుర్చీలో కూర్చోబెట్టి, చేతికి కదురిచ్చి, అచ్చం తన ఊరి ఆడవాళ్లలాగే ఆమె బొమ్మ చెక్కించాడు. పైన లాటిన్‌లో ఆమె తెగ, వయసు, అన్నీ ఉన్నాయి. అడుగున, అక్కడ ఎంతమంది చదవగలరో కూడా చూసుకోకుండా, తన భాషలో ఒక్క వరుస రాయించుకున్నాడు: "బరాతె విడిపించిన రెజీనా, హబల్."

ఇట్లు,
మీ తాతయ్య