పిల్లల ఐసీయూలో డాక్టర్లు తలో మాట చెబుతున్నారా? అపోహలు - వాస్తవాలు

ఈ వారం మళ్లీ అదే మాట విన్నాను. "పొద్దున ఒక డాక్టర్ ఒకటి చెప్పారు, మధ్యాహ్నం ఇంకొకరు ఇంకోటి చెప్పారు, మా బాబుకు ఏమైందో ఇక్కడ ఎవరికీ తెలీదు, వేరే చోటికి తీసుకెళ్లిపోతాం." పిల్లల ఐసీయూలో డాక్టర్‌గా నన్ను అన్నిటికంటే భయపెట్టే మాట ఇదే, ఎందుకంటే వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డకు ఆ ప్రయాణమే పెద్ద గండం.

అపోహ: డాక్టర్లకు మాట కలవలేదంటే ఒకరికి పని రాదు, లేదా ఏదో దాస్తున్నారు.

చాలాసార్లు రెండూ కాదు. సెలైన్ సంగతే చూడండి. బీపీ పడిపోతోంది, ఇంకొంచెం ఎక్కిద్దామని ఒకరంటారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది, ఆపుదామని ఇంకొకరంటారు. ఇద్దరూ బిడ్డ కోసమే అంటున్నారు. షాక్‌లో, అంటే ఒంట్లో రక్తప్రసరణ బాగా పడిపోయిన స్థితిలో ఉన్న పిల్లలకు గబగబా సెలైన్ ఎక్కించాలనే మేమంతా నేర్చుకున్నాం. కానీ 2011లో వచ్చిన ఫీస్ట్ అధ్యయనంలో ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో ఐసీయూ లేని ఆసుపత్రులకు తీవ్ర జ్వరంతో, రక్తప్రసరణ దెబ్బతిని వచ్చిన 3,000 మందికి పైగా పిల్లలను చూస్తే, అలా ఎక్కించినవాళ్లలోనే మరణాలు ఎక్కువయ్యాయి. ఐసీయూ ఉన్నచోట దాన్ని ఎంతవరకు పాటించాలన్నది ఇప్పటికీ వాదనే. ఆ వాదన మంచం పక్కన జరగకపోతేనే నాకు టెన్షన్.

మా తప్పు వేరే చోట ఉంది. మాలో మేం తేల్చుకోకముందే మీకు చెప్పేస్తాం. గుండె ఆపరేషన్ అయిన ఒక పాపకు మర్నాడు ఊపిరి కోసం గొంతులో వేసిన ట్యూబ్ తీసేస్తామని సర్జరీ టీమ్ ఆ పాప నాన్నకు చెప్పి వెళ్లింది, మూడు గంటల తర్వాత నేను వెళ్లి ఇంకో రెండు మూడు రోజులు పట్టొచ్చన్నాను. ఈ మధ్యలో పాపకు ఏదో అయిపోయిందనుకుని ఆయన గోడకు ఆనుకుని అలాగే కూలబడిపోయారు. గుండె బాగానే ఉంది, సర్జన్ చెప్పింది నిజం. ఊపిరితిత్తులు ఇంకా సిద్ధంగా లేవు, నేను చెప్పిందీ నిజమే. మేమిద్దరం ముందు ఒక్క ఐదు నిమిషాలు మాట్లాడుకుని ఉంటే ఆయనకు ఆ రాత్రి అలా గడిచేది కాదు. మర్నాడు ఇద్దరం కలిసే ఆయన ముందు కూర్చున్నాం, రెండు రోజులాగి ట్యూబ్ తీశాం.

అందుకే ఎవరి మాట నమ్మాలని అటెండర్లనో, పక్క మంచం వాళ్లనో అడగకండి. "అన్ని టీమ్‌లూ ఒకసారి కలిసి మాతో మాట్లాడండి, రోజూ మాకు ఎవరు చెబుతారో తేల్చండి" అని గట్టిగా అడగండి. సెకండ్ ఒపీనియన్ కావాలన్నా అడగండి, బిడ్డను కదపకుండా రిపోర్టులు చూపించి కూడా తీసుకోవచ్చు.

ఇక మిగతావి. సీనియర్ మాటే చివరి మాట అనేది తప్పు, పన్నెండు గంటలు మంచం పక్కనే ఉన్న నర్సు "పాప పొద్దున్నలా లేదు" అంటే ఎంత పెద్ద డాక్టరైనా ఆగి చూడాల్సిందే. పాలియేటివ్ టీమ్ వచ్చిందంటే చేతులెత్తేసినట్టు కాదు, నొప్పి, ఆయాసం తగ్గించడానికి వాళ్లు చికిత్సతో పాటే పనిచేస్తారు. ప్రశ్నలు అడిగితే బిడ్డను సరిగా చూడరేమోనని మౌనంగా ఉండిపోయే తల్లులను చూస్తే మనసు పాడవుతుంది. అమ్మా, అడగండి. నిన్నటికీ ఇవాళ్టికీ బిడ్డలో తేడా చాలాసార్లు మాకంటే ముందు మీకే తెలుస్తుంది.