చూపు మొదలయ్యే అణువు: అపోహలు – వాస్తవాలు

కంటిలో మసక వెలుతురును గుర్తించే దండ కణాల్లోని రొడాప్సిన్ అనే ప్రోటీన్‌పై పనిచేసే మాకు కొన్ని అపోహలు పదేపదే ఎదురవుతుంటాయి. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

అపోహ: కాంతి తగిలి, ప్రోటీన్ వేడెక్కి ఆకారం మార్చుకుంటుంది.

వాస్తవం: కాంతిని గ్రహించేది ఆ ప్రోటీన్‌లో 296వ స్థానంలోని లైసిన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుని ఉండే రెటినల్ అనే చిన్న అణువు. విటమిన్ ఎ నుంచి తయారయ్యే ఈ అణువు చీకట్లో 11-సిస్ రూపంలో వంగి ఉంటుంది. ఒక్క ఫోటాన్‌ను, అంటే ఒక్క కాంతి కణాన్ని, గ్రహించగానే 11, 12 కార్బన్ల మధ్య ద్విబంధం పట్టు సడలి, అణువు దాని చుట్టూ తిరిగి, దాదాపు 200 ఫెమ్టోసెకన్లలోనే నిటారైన ట్రాన్స్ రూపానికి మారుతుంది. ఫెమ్టోసెకను అంటే సెకనులో పది కోట్ల కోట్లవ వంతు. అంత తక్కువ సమయంలో వేడి చుట్టుపక్కలకు పాకనే లేదు. పైగా ఫోటాన్ తెచ్చిన శక్తిలో సగానికి మించి ప్రోటీన్ లోపలి ఇరుకు గూటిలో మెలిపడిన రెటినల్‌లోనే బిగువుగా నిలిచి, తర్వాతి మిల్లీసెకన్లలో ప్రోటీన్‌ను కదిలిస్తుంది. మా రంగంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునే ఘట్టం ఇదే.

అపోహ: గ్రహించిన ప్రతి ఫోటాన్ ఈ మార్పు తెస్తుంది.

వాస్తవం: సుమారు మూడింట రెండు వంతులే తెస్తాయి.

అపోహ: వేర్వేరు రంగులను గుర్తించేందుకు కంటిలో వేర్వేరు వర్ణక అణువులు ఉంటాయి.

వాస్తవం: రంగులను గుర్తించే మూడు రకాల శంకు కణాల్లోనూ ఉన్నది ఆ రెటినలే; తేడా తెచ్చేది దాని చుట్టూ ఉండే ప్రోటీన్. ద్రావణంలో విడిగా ఉన్నప్పుడు 380 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని గ్రహించే ఈ అణువు రొడాప్సిన్‌లో 500 దగ్గర, శంకు కణాల ప్రోటీన్లలో సుమారు 420, 530, 560 దగ్గర గ్రహిస్తుంది. చివరి రెండింటి మధ్య తేడాకు ప్రధాన కారణం ఆ ప్రోటీన్లలో 180, 277, 285 స్థానాల్లోని మూడు అమైనో ఆమ్లాలు మాత్రమే.

అపోహ: వెలుతురు తీసేయగానే అణువు తనంతట తానే పాత రూపానికి వస్తుంది.

వాస్తవం: ఉప్పు మడుల్లో పెరిగే హాలోబాక్టీరియం సూక్ష్మజీవిలోని బాక్టీరియోరొడాప్సిన్ విషయంలో ఇది నిజమే, అక్కడ రెటినల్ సెకనులో నూరోవంతు కాలంలో తిరిగి వచ్చేస్తుంది. మన కంటిలో అలా జరగదు. మసక ఎర్ర దీపం కింద ఆవు రెటీనా నుంచి వేరుచేసిన గులాబీ రంగు రొడాప్సిన్‌ను తెల్లని వెలుతురులో పెడితే పసుపుగా మారుతుంది. మళ్లీ చీకట్లో ఉంచినా గులాబీ రంగు రాదు. సజీవమైన కంటిలో రెటినల్ ప్రోటీన్‌ను వదిలి పక్కనున్న వర్ణక కణాల పొరకు చేరాలి, అక్కడ ఆర్‌పీఈ65 అనే ఎంజైము దానిని తిరిగి వంచాలి. ఎండలోంచి చీకటి గదిలోకి వచ్చాక చూపు పూర్తిగా కుదురుకోవడానికి అరగంట పైగా పట్టేది ఇందుకే. ఈ ఎంజైము జన్యువు రెండు ప్రతుల్లోనూ లోపిస్తే పిల్లలు చిన్ననాడే చూపు కోల్పోతారు. దానికి జన్యు చికిత్సను అమెరికా 2017లో ఆమోదించింది.